మా సమక్షంలో

జనవరి 27, మంగళవారం

ఉరిశిక్ష పడ్డ మా ఊరి కూలీ ఆదెయ్య క్షమాభిక్ష అర్జీ కొట్టేశారట. పొద్దున టీవీలో కింద లైనుగా వెళ్ళింది. నేను కళ్ళజోడు పెట్టుకునేలోపు వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చేదాకా కూర్చుని చదివాను.

పదింటికల్లా కోటేష్ బండి మీద వచ్చాడు, చేతిలో స్వీటు డబ్బా. "బాబాయ్, నోరు తెరువు" అని మైసూర్‌పాక్ ముక్క నోట్లో పెట్టాడు. షుగరు మనిషినని మా ఆవిడ సుబ్బరావమ్మ గోల పెడుతున్నా ఆవిడ నోట్లోనూ కుక్కాడు. తర్వాత వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. నలభై దాటిన మనిషి.

"నీ సాక్ష్యమే బాబాయ్. నువ్వు గట్టిగా నిలబడబట్టే ఇయ్యాల నా బిడ్డకి న్యాయం జరిగింది."

వాడి తల్లి వెంకాయమ్మనీ, అయిదేళ్ళ కూతురు అన్వితనీ మిరప కళ్ళంలో నరికి ఈ ఫాల్గుణానికి తొమ్మిదేళ్ళు. కాయలకి కాపలాగా ముసలమ్మ పడుకుంటే, నాయనమ్మ దగ్గరే పడుకుంటానని పిల్ల పేచీ పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత కోటేష్ భార్య పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. వీడు ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు. నాకేమీ చుట్టం కాదు. కోర్టుకి తిరిగిన రోజుల్లో బాబాయ్ అనడం మొదలుపెట్టాడు, అదే నిలిచింది.

ఇది నేను రిటైరైన ఏడాది ఆఫీసులో ఇచ్చిన డైరీ. ఒక్క పేజీ రాయలేదు. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు ఊరందరి సంగతులూ రాశాను, నా సంగతి ఒక నాలుగు ముక్కలు రాసుకుంటే తప్పేమిటి?

జనవరి 28

మైసూర్‌పాక్ పడలేదు. రెండు వాంతులు. నెయ్యి మంచిది కాదు, అంతే.

ఫిబ్రవరి 2, సోమవారం

గుంటూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు మాధురి, లాయరు. ఆదెయ్య తరఫున ఊరికే పని చేస్తోందట. బస్సు దిగి నడిచి వచ్చింది, దారి పొడుగునా కళ్ళాలే కాబట్టి ఘాటుకి తుమ్ముతూనే ఉంది. సుబ్బరావమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. మా ఆవిడకి మర్యాదలు చేయడంలో వెనకాముందూ ఉండదు.

మజ్జిగ తాగి, ఆ అమ్మాయి మంచం మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది.

"ఈ రెండు సంతకాలూ మీవేనాండి, శేషాచలం గారూ?"

నావే. ఒకటి పోలీసుల మధ్యవర్తుల నివేదిక, పంచనామా అంటారే అది. ముద్దాయి ఆదెయ్య మమ్మల్ని బాపయ్య చేలోకి తీసుకెళ్ళి, సదరు చేలో పీకి వేసిన పత్తికట్టె వాములోంచి రక్తపు కొడవలినీ, పిల్ల వెండి పట్టీలనీ మా సమక్షంలో తన చేత్తో తీసి ఇచ్చాడని అందులో ఉంటుంది. రెండోది అదే ఏడాది ఊరి అడంగల్, ఏ చేలో ఏ పైరు ఉందో వీఆర్వోగా నేను రాసింది. బాపయ్య చేను సర్వే నంబరు 212. దాని ఎదురుగా పైరు గడిలో డిట్టో గుర్తు. పై గడిలోనూ డిట్టో. అలా పేజీ మొదటిదాకా వెళితే అక్కడ నా అక్షరాలతో మిరప అని ఉంది.

"మిరప చేలో పీకి వేసిన పత్తికట్టె ఎక్కడి నుంచి వచ్చిందండి?"

"పక్క చేలోది తెచ్చి వేసుకుని ఉంటాడు."

"సదరు చేలో పీకినది అని రాశారు గదండీ."

రాసింది స్టేషన్ రైటరు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఆదెయ్య మీద ఇంకేం లేదండి" అంది. "తాగొచ్చి కాయల మీద పడుకున్నాడని ఆ పొద్దున వెంకాయమ్మ గారు తిట్టారు. సాయంత్రం ఎవరో అతన్ని అటువైపు చూశామన్నారు. మిగతా కేసంతా ఈ పట్టీల మీదే నిలబడింది. రెండో మధ్యవర్తి మీరా హుస్సేన్ గారు కరోనాలో పోయారు. మీరొక్కరే మిగిలారు. అతను తీసి ఇవ్వడం మీరు నిజంగా చూశారా?"

"కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. ఇక వెళ్ళి రామ్మా" అన్నాను.

నంబరు రాసిన కాగితం మజ్జిగ గ్లాసు కింద పెట్టి వెళ్ళింది. ఈ కాలం పిల్లలకి పెద్దా చిన్నా లేదు.

ఫిబ్రవరి 3

రికార్డు కోసం రాస్తున్నాను.

స్టేషన్ నుంచి కబురు వస్తే వీఆర్వో వెళ్ళాలి. వెంట తలారి. గవర్నమెంటు మనుషులం, కోర్టులో అడ్డం తిరగంలే అని మమ్మల్నే మధ్యవర్తులుగా పెట్టుకుంటారు. నాటుసారా డబ్బాలు, పేకముక్కలు, కోడిపుంజులు, దొంగ సైకిళ్ళు, నా సర్వీసులో ఎన్ని నివేదికల మీద సంతకాలు పెట్టానో లెక్క లేదు. ఒక్కదానికీ చోటు చూడటానికి వెళ్ళలేదు. నేనే కాదు, ఏ ఊరి వీఆర్వో వెళ్ళాడు? వాళ్ళు రాసి ఉంచుతారు, మనం పెన్ను మూత తీస్తాం. దేశంలో నేనొక్కడినే ఘోరం చేసినట్టు ఇవాళ నన్ను నిలదీస్తే ఎలా?

ఆ సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. తలారి మీరా హుస్సేన్ ముందే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఏడు కాగితాలు. ఎస్సై టీ తెప్పించాడు. టేబుల్ మీద గుడ్డలో ఆ పట్టీలు ఉన్నాయి. ఇంతేసి ఉన్నాయి, నా బొటనవేలికి కాస్త పెద్దవి. ఒకదానికి మువ్వలు ఊడిపోయాయి. అవి చూశాక నేను ఒక్క లైను చదవలేదు. "వెయ్యరా హుస్సేనూ" అన్నాను. వాడు వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను. నా చెయ్యి వణకలేదు. చేసిన వెధవని చంపెయ్యాలనిపించింది. ఆ పట్టీలు చూసిన ఎవరైనా పెడతారు.

అయినా మేము చేలోకి వెళ్ళకపోయినంత మాత్రాన పట్టీలు అక్కడ దొరకలేదని కాదు గదా. పోలీసులు వెళ్ళి ఉండొచ్చు. ఆదెయ్య తీసి ఇచ్చే ఉండొచ్చు. మేము లేము, అంతే తేడా.

ఫిబ్రవరి 5

ఆలోచిస్తే తేలాల్సింది ఒకటే. ఆ ఏడు 212లో ఉన్నది పత్తా, మిరపా? పత్తి అయితే పోలీసులు రాసింది నిజం, ఆదెయ్య దోషి, నా సంతకం వల్ల ఎవరికీ చెడు జరగలేదు. అడంగల్ ఒక్కటి తప్పు, అది చిన్న తప్పు. దానికి ఎవరూ ఉరి తీయరు.

బాపయ్య దగ్గరికి వెళ్ళాను. కళ్ళంలో తాలుకాయలు ఏరిస్తున్నాడు. డెబ్బై దాటినా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఒరేయ్ శేషాచలం! దారి తప్పావేంది? ముప్ఫై ఏళ్ళు ఉజ్జోగం చేశావు, నా పొలంలో నీ కాలు పెట్టగా చూడలా!"

"కోటేష్ వాళ్ళమ్మ పోయిన ఏడు 212లో ఏం వేశావు, బాపయ్యా?"

"మిరపే. ఆ ఏడే గదా రేటు పడిపోయి కాయలు కళ్ళంలోనే తగలేసుకున్నాం." ఆగాడు. "కాదు కాదు, అది పైచేలో. కిందది పత్తి. గులాబీ పురుగు వచ్చిందే, అది ఆ ఏడా, ముందేడా?" ఇంకాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నా మీద అంతెత్తున లేచాడు. "అయినా నన్నడుగుతావేందిరా? రాసుకునేవాడివి నువ్వు గదా! నీ బుక్కులో చూసుకో పో!"

కాయలు ఏరే ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు.

నా బుక్కు సంగతి నాకు తెలుసు. ఆ ఏడు ఊరంతా పత్తి మానేసి మిరప మీద పడ్డారు. పైన ఒక్కచోట మిరప అని రాసి కిందికంటా డిట్టోలు కొట్టుకుంటూ పోయాను, ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని. 212కి వెళ్ళలేదు, 211కీ వెళ్ళలేదు. చేను చూడకుండా ఒక కాగితం మీద పత్తికి సంతకం పెట్టాను, చూడకుండానే ఇంకో కాగితం మీద మిరప రాశాను. రెండింట్లో ఏది అబద్ధమో చెప్పాల్సిన మనిషిని నేనే. నాకు తెలియదు.

ఫిబ్రవరి 6

బీపీ 170. ఇవాళ దాని గురించి ఆలోచించలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

పేపర్లో మంచి వార్త. ఉరి తీయడం అమానుషం, బదులుగా ఇంజెక్షన్ ఇవ్వాలని ఢిల్లీలో కేసు నడుస్తోందట. కొన్ని దేశాల్లో అలాగే చేస్తారట. ముందు నిద్రకి ఒకటి, తర్వాత ఒళ్ళు కదలకుండా ఒకటి, ఆఖరున గుండెకి. మనిషికి ఏమీ తెలియదట, నిద్రపోయినట్టే ఉంటుందట. ఇది తేలేదాకా ఎవరినీ ఉరి తీయరు. ఎలా తీస్తారు? కోర్టు కేసులు తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో రెవెన్యూలో పనిచేసిన నాకు ఒకరు చెప్పాలా? ఈలోగా ఏదో ఒక దారి దొరుకుతుంది. దొరక్కపోయినా, ఇంజెక్షనే అయితే అంత బాధ ఉండదు.

సుబ్బరావమ్మకి రోజూ పొద్దున పొట్ట మీద ఇన్సులిన్ వేసేది నేనే. ఇవాళ సూది తీశాక అడిగాను.

"నొప్పి ఉంటుందా?"

పదకొండేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆవిడ జాకెట్టు సర్దుకుంటూ నా వంక వింతగా చూసింది.

"పొడిచేవాళ్ళకి ఉండదు" అంది.

ఎంత మాటైనా అంటుంది ఈ మనిషి.

ఫిబ్రవరి 12

కోటేష్ వచ్చాడు. మాటల్లో ఇంజెక్షన్ సంగతి ఎత్తాను, ఊరికే, వాడేమంటాడో చూద్దామని. వాడు తాగుతున్న నీళ్ళ చెంబు కింద పెట్టేశాడు.

"ఇంజెక్షనా? నా బిడ్డకి ఎవడిచ్చాడు బాబాయ్ ఇంజెక్షన్?"

ఏడ్చాడు. ఆ ఏడుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. తేదీ తెలియగానే రాజమండ్రి వెళ్ళి జైలు గేటు ముందు నిలబడతాడట. "నువ్వూ రా బాబాయ్. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అన్నాడు.

"చూద్దాంలే" అన్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

మార్చి 11. తెల్లవారుజామున.

మాధురి ఫోన్ చేసి చెప్పింది. వారెంటు వచ్చేసిందట.

"ఇంజెక్షన్ కేసు ఇంకా తేలలేదు గదమ్మా" అన్నాను.

"దానికీ దీనికీ సంబంధం లేదండి" అంది. ఎంత తేలిగ్గా అందో.

బాపయ్య కొడుకుని కనుక్కుంటున్నానని, ఎరువుల కొట్లో పాత చీటీలు దొరికితే పత్తో మిరపో తెలుస్తుందని, అసలు నిజం తేలాక చెబుతానని అన్నాను.

"మీరు నిజం కనుక్కోనక్కర్లేదండి. చేలోకి వెళ్ళారా లేదా, అదొక్కటి చెప్పండి. దానికి చీటీలు ఎందుకు?"

చెబితే నాకేమవుతుందని అడిగాను. అబద్ధపు సాక్ష్యం కింద కేసు పెట్టొచ్చు, పెన్షను మీదికీ రావచ్చు అంది. "రాదని నేను చెప్పనండి. మళ్ళీ మీరే నన్ను తిట్టుకుంటారు." అక్కడికి ఆ పిల్ల నిజాయితీపరురాలే.

పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది. ఆదెయ్యకి వాళ్ళమ్మ తప్ప ఎవరూ లేరు, ఆవిడ పోయిన ఏడు పోయింది. ఊరి మనిషిని ఒక్కరిని చూడాలని ఉందన్నాడట. ఎవరిని అని అడిగితే నా పేరు చెప్పాడట.

ఫిబ్రవరి 18

అన్నం సహించలేదు. సుబ్బరావమ్మ కంచం తీస్తూ అనేసింది.

"ఆ రోజు మీరు ఏడింటికల్లా బజ్జీల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చారు. చెప్పులకి ఇంత మన్ను కూడా లేదు. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా చేలో ఉన్నానని మీరు కోర్టులో చెప్పొచ్చిన రోజే నేను అనుకున్నా."

నాకు కోపం వచ్చింది.

"మరి అప్పుడే అడగొచ్చుగా!"

"అడిగితే నాకు కూడా అబద్ధం చెప్పేవారు. కోర్టుకి చెప్పారు చాల్లే, ఇంట్లో కూడా ఎందుకని ఊరుకున్నా."

"పెన్షను పోతే ఏం తింటావు? నీ ఇన్సులిన్ ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"తెచ్చినంతకాలం తెచ్చారుగా. ముందు ఆ జైలుకి పోయి రండి. పిలిచినవాణ్ణి చూడకపోతే మనుషులం కాము."

నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు తెలిసిన సుబ్బరావమ్మ గ్యాస్ బండ అయిపోతే గంగవెర్రులెత్తే మనిషి.

ఫిబ్రవరి 24, మంగళవారం

రాజమండ్రి జైల్లో ఆదెయ్యని చూశాను. తిరుగు రైల్లో రాస్తున్నాను, అక్షరాలు తిన్నగా రావడం లేదు. అయినా రాయాలి.

కమ్మీలకి అవతల కూర్చోబెట్టారు. గుర్తుపట్టలేదు. నా కళ్ళల్లో ఉన్న ఆదెయ్య పత్తి బోరాలు ఒంటి చేత్తో ట్రాక్టరు మీదికి విసిరేవాడు. ఈ మనిషికి జుట్టంతా నెరిసి మెడ సన్నబడిపోయింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"దండాలయ్యా. ఇంత దూరం వచ్చారు, భోంచేశారా?"

మిరప ఎలా ఉందని అడిగాడు. నల్లి పట్టిందని చెప్పాను. బాపయ్య బతికే ఉన్నాడా అన్నాడు. ఉన్నాడన్నాను. వాళ్ళమ్మని ఎక్కడ పూడ్చారని అడిగాడు. నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను, చెప్పడానికి ఇంకెన్ని రోజులున్నాయో ఇద్దరికీ తెలుసు.

ఇక ఆగలేక అడిగేశాను.

"ఆదెయ్యా, నిజం చెప్పు. నువ్వే చేశావా?"

నేను అడగకూడనిది ఏదో అడిగినట్టు నా వంక చూశాడు.

"మీరే చెప్పారు గదయ్యా కోర్టులో."

"నేను చెప్పిందాని సంగతి కాదు. నీకు తెలిసింది చెప్పు."

"నాకేం తెలుసయ్యా! ఆ రాత్రి బాగా తాగి ఉన్నా. లేచేసరికి కాలవ గట్టు మీద పడున్నా. స్టేషన్లో నాలుగు రోజులు కొట్టారు, ఒంట్లో తెలివి లేదు. నేను చెయ్యలేదు, చెయ్యలేదు అని మొత్తుకునేవాణ్ణి. మరి మీరొచ్చి నిలబడి, వీడు తన చేత్తో తీసిచ్చాడు, నా కళ్ళతో చూశా అన్నారు గదా. మీకు నా మీద పగా పాడా? మా అమ్మకి పింఛను కాగితం రాసిచ్చిన మనిషి మీరు. ఆ సారు అబద్ధం ఎందుకు చెబుతాడు, తీసే ఉంటాలే, చేసే ఉంటాలే అనుకున్నా. అప్పటి నుంచి రోజూ ఆ బిడ్డకి దండం పెట్టుకుంటన్నా."

నేను కమ్మీ పట్టుకున్నాను. గార్డు చెయ్యి తీయమన్నాడు.

"ఇంకో మాటయ్యా. ఇంజెక్షన్ ఇస్తారంట గదా ఇప్పుడు? లోపల అనుకుంటన్నారు. అదైతే పర్లేదు. తాడంటే భయంగా ఉందయ్యా."

ఎన్నో అబద్ధాలకి సంతకాలు పెట్టాను. ఈ ఒక్కటి చెప్పి ఉంటే మనిషి కాస్త కుదుటపడేవాడు. చెప్పలేకపోయాను.

"కాదు ఆదెయ్యా. తాడే" అన్నాను.

తల ఊపాడు. మళ్ళీ దండం పెట్టాడు.

ఆ పట్టీలు అతను తీయలేదని నేను అనడం లేదు. నాకు తెలియదు. అతనికీ తెలియదు. నేను చెప్పానని నమ్మాడు.

ఫిబ్రవరి 25

రాత్రి రైల్లో కూర్చునే ఉన్నాను. గుంటూరులో దిగి ఇంటికి రాకుండా తిన్నగా మాధురి ఆఫీసుకి వెళ్ళాను. ఇంకా తాళం తీయలేదు, మెట్ల మీద కూర్చున్నాను.

అఫిడవిట్ నేనే చెప్పాను, ఆ అమ్మాయి టైపు చేసింది. నేను ఆ రోజు చేలోకి వెళ్ళలేదు. ముద్దాయి ఏమీ తీసి ఇవ్వడం చూడలేదు. స్టేషన్లో కూర్చుని చదవకుండా సంతకం పెట్టాను. ఆ ఏడాది అడంగల్ కూడా చేను చూడకుండా రాశాను.

ఆఖరి లైను దగ్గర ఆగింది.

"ఇది వద్దండి. అడంగల్ తప్పయితే మన వాదన పోతుంది. పత్తికట్టె వాము లేదని చెప్పడానికి మన దగ్గరున్నది అదొక్కటే. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా."

ఆ అమ్మాయి చెప్పింది సబబే. తీసెయ్యమనబోయాను.

"ఉండనీ అమ్మా. ఒకటి చూడకుండా రాశానని ఒప్పుకుని ఇంకోటి చూసి రాశానని ఎలా అంటాను?"

"ఒక మనిషి ప్రాణమండీ!" అని అరిచింది. మొదటిసారి ఆ పిల్ల గొంతు పెరిగింది.

ఉంచేశాను. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తెలియదు. ఒకవేళ ఇదే వాడి మెడకి చుట్టుకుంటే? మళ్ళీ నా సంతకమే.

మార్చి 2

నా అఫిడవిట్ పెట్టి ఢిల్లీలో పిటిషన్ వేశారట. విచారణ తేదీ రాలేదు. కోటేష్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

మార్చి 6, శుక్రవారం

ఇవాళ వెంకాయమ్మదీ అన్వితదీ తిథి. ఏటా కోటేష్ తనే వండి నాకు భోజనం పెడతాడు. వెళ్ళకుండా ఉందామనుకున్నాను. సుబ్బరావమ్మ చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

విస్తరి వేశాడు. రెండు ఫొటోలకీ దండలు. అన్వితకి ఇష్టమని సేమ్యా చేశాడు. వడ్డించబోతుంటే ఆగమన్నాను.

"నేను చేలోకి వెళ్ళలేదురా, కోటేషూ. ఆదెయ్య పట్టీలు తీయడం నేను చూడలేదు. కోర్టుకి అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆ మాట రాసిచ్చాను."

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సేమ్యా కారి వాడి పాదం మీద పడుతోంది. కాలుతుందని కూడా తెలియలేదు.

"సరదాకి అంటన్నావా బాబాయ్?"

"కాదురా."

"పో."

"కోటేషూ..."

"ముందు ఇక్కణ్ణుంచి పో బాబాయ్. ఫొటోల ముందు నిన్ను ఏమన్నా అంటానేమో, పో!"

వచ్చేశాను. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో గుర్తులేదు.

మార్చి 8, ఆదివారం

పొద్దున్నే కోటేష్ వచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. అరుగు మీద కూర్చుని ఒకటే మాట అడిగాడు.

"మరి ఎవరు?"

"ఆదెయ్యే అయ్యుండొచ్చురా."

"అయ్యుండొచ్చా? తొమ్మిదేళ్ళు వాడే, వాడే అన్నావు. ఇప్పుడు అయ్యుండొచ్చు అంటావేంది!" గుమ్మం చెక్క మీద గుద్దాడు. "ఆ వారం మా కళ్ళంలో పని చేసినోళ్ళు పధ్నాలుగు మంది. అందరూ అమ్మ దినానికి వచ్చి తినిపోయారు. నేనే వడ్డించా. మళ్ళీ మళ్ళీ వడ్డించా. వాళ్ళలో ఎవడన్నా అయితే?"

మంచినీళ్ళు తెచ్చి ఇస్తే పక్కన పెట్టేశాడు.

"వాణ్ణి చంపేశారనుకో, కేసు అయిపోయింది అంటారు. ఇంకెవరూ వెతకరు బాబాయ్." చెయ్యి చాపాడు. "ఆ లాయరమ్మ నంబరియ్యి."

నా ముందే మాధురికి ఫోన్ చేశాడు. నేను పిల్ల తండ్రినమ్మా, ఆపమని నేను కూడా రాసిస్తా, ఎక్కడికి రావాలి, ఏం పెట్టాలి అని అడిగాడు. పదకొండో తారీకుకి రాజమండ్రికి కొనుక్కున్న టికెట్టు జేబులోంచి తీసి చింపి, ముక్కలు మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు. మధ్యాహ్నానికే గుంటూరు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు. ఎవరినైనా బతికించమని అంత తొందర పడిన మనిషిని నేను చూడలేదు.

మార్చి 10, మంగళవారం

కొట్టేశారు.

సాయంత్రం నాలుగింటికి మాధురి చెప్పింది. చూడకుండా సాక్ష్యం చెప్పానని, చూడకుండా అడంగల్ రాశానని తనే ఒప్పుకుంటున్న మనిషి మాట తొమ్మిదేళ్ళ తర్వాత ఎలా నమ్మమంటారు అన్నారట. తండ్రి బాధ అర్థమైంది గానీ అది సాక్ష్యం కాదన్నారట. నేను చెప్పిన మొదటి నిజాన్ని నమ్మలేదు. అబద్ధాన్ని మూడు కోర్టులు నమ్మాయి.

ఆ అమ్మాయి ఏడుస్తోంది. ఓదార్చడానికి నాకు మొహం లేదు. ఆ ఆఖరి లైను తీసేసి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "తెలియదండి" అంది. నన్ను తిట్టలేదు.

ఆదెయ్య వాళ్ళమ్మని వాగు అవతల స్మశానంలో పూడ్చారట. కనుక్కున్నాను. మాధురికి చెప్పాను, ఫోన్లోనైనా చెప్పిస్తానంది.

మార్చి 11, బుధవారం

అయిదింటికే కోటేష్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సుబ్బరావమ్మ కాఫీ ఇస్తే పుచ్చుకున్నాడు, తాగలేదు. ముగ్గురిలో ఎవరమూ టీవీ పెట్టలేదు. ఆరున్నరకి వాడి ఫోను మోగింది. విని పెట్టేశాడు.

"అయిపోయిందంట" అన్నాడు.

మా వాకిలి ముందు నుంచి కూలీల ఆటో వెళ్ళింది, నలుగురైదుగురు వీడికి చెయ్యి ఊపారు. వార్త అప్పుడే ఊళ్ళోకి వచ్చేసినట్టుంది. "కోటేషన్నా, పీడ విరగడైంది!" అని ఒకడు కేకేశాడు. ఆటో మలుపు తిరిగేదాకా కోటేష్ అందులో ఉన్న ఒక్కొక్క మొహమే చూస్తూ ఉన్నాడు.

"తొమ్మిదేళ్ళు పొద్దున లేవగానే వాణ్ణి తిట్టుకునేవాణ్ణి బాబాయ్. దాంతోనే లేచి పనికి పోయేవాణ్ణి. రేపు లేచి ఎవర్ని తిట్టుకోవాలి?"

"నన్ను తిట్టుకోరా" అన్నాను.

లేచి నా చెంప మీద కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి వాకిట్లో పడింది. సుబ్బరావమ్మ గుమ్మంలోనే నిలబడింది, అడ్డం రాలేదు. ఇంకోటి కొడతాడని నేను మొహం పక్కకి తిప్పుకోలేదు. కొట్టలేదు. వాకిట్లోకి దిగి కళ్ళజోడు వెతికి తెచ్చి, లుంగీ అంచుతో తుడిచి, తనే నాకు పెట్టాడు.

"నిన్ను కూడా వదులుకుంటే నాకింకెవరున్నారు బాబాయ్?" అన్నాడు.

రేపు పొద్దున కూడా వస్తానని చెప్పి వెళ్ళాడు.